జొన్న పిలకలూ హైపో పలుకులూ

బోటనీ పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఒక్క పాఠం దగ్గర మాత్రం మధ్యలో ఆగిపోయేదాన్ని. మొక్కలు అమినో ఆమ్లాల నుంచి విషాలనూ హార్మోన్లనూ ఎలా తయారు చేసుకుంటాయన్న పాఠం అది. మొదటి పేజీ బాగానే నడిచేది. ట్రిప్టోఫాన్ నుంచి కాండాన్ని వెలుతురు వైపు సాగదీసే ఆక్సిన్ వస్తుంది, మిథియోనిన్ నుంచి కాయను పండించే ఇథిలీన్ వస్తుంది అని గడగడా చెప్పేసేదాన్ని. టైరోసిన్ దగ్గరకు వచ్చి బోర్డు మీద జొన్న మొక్క బొమ్మ వేయగానే సుద్దముక్క పక్కన పెట్టి కిటికీలోంచి బయటకు చూసేదాన్ని. మేడమ్ గారికి దాహం వేసిందనుకుని ముందు బెంచీ పిల్ల మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేది. తాగేసేదాన్ని. దాహం కాదని చెప్తే కథంతా చెప్పాలి, పీరియడు నలభై ఐదు నిమిషాలే.

ముందు పాఠం చెప్పేస్తాను, అలవాటు పోదు కదా. మొక్కకు కాళ్ళు లేవు. ఆవు వస్తే పారిపోలేదు, పురుగు పడితే దులుపుకోలేదు. అందుకని ఉన్నచోటే ఉండి తనకు కావలసినవన్నీ వండుకుంటుంది. ఒంటిని కట్టుకునే అమినో ఆమ్లాల్లోంచే కొన్నిటిని తీసి, పెరగడానికి హార్మోన్లూ కాచుకోవడానికి విషాలూ చేసుకుంటుంది. మా అమ్మ నానబెట్టే మినప్పప్పు ఒకటే, పండగైతే గారెలు, ఎండాకాలమైతే వడియాలు. ఇదీ అంతే. ఆవాలు నూరితే ముక్కులో నుంచి నడినెత్తికి ఎక్కే ఆ ఘాటు కూడా అలా పుట్టిందే.

జొన్న టైరోసిన్‌తో ఒక మూట కట్టి ఆకుల్లో దాచుకుంటుంది. ఆ మూట విప్పే ఎంజైమును పక్క గదిలో ఉంచుతుంది. మధ్యన గోడ ఉన్నంతకాలం ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. ఆవు వచ్చి నమిలిందంటే గోడ పగులుతుంది, రెండూ కలుస్తాయి, సైనైడు పుడుతుంది. నిండుగా ఎదిగిన జొన్నలో ఇది తక్కువ. వాన లేక గిడసబారిన మొక్కలో, ఎండిన మోడు నుంచి లేచిన పిలకలో ఎక్కువ. ఎదగడానికి దారి లేకపోయేసరికి ఆ సామానంతా విషం వైపు మళ్ళిస్తుంది కాబోలు. రైతులు దాన్ని నాము అంటారు. మా నాయనమ్మకు టైరోసిన్ తెలియదు, నాము తెలుసు. నాకు టైరోసిన్ తెలుసు. తంటా అంతా అక్కడే వచ్చింది.

డెబ్భైల్లో నర్సీపట్నంలో మా నాన్నకు ఫోటో స్టూడియో ఉండేది. బస్టాండు నుంచి నడిచి వస్తే అయిదు నిమిషాలు. ఏజెన్సీ బస్సు ఎక్కే ముందు ఒక ఫోటో దిగిపోదామని వచ్చే కొత్త దంపతులు, తాలూకా ఆఫీసు కాగితాలకు ఫోటో అంటించాలని వచ్చే రైతులు, బాప్తీస్మం అయిన వెంటనే తడి జుట్టుతో వచ్చే మా సంఘం పిల్లలు, వీళ్ళే గిరాకీ. చంటిపిల్లలు కెమెరా వైపు చూడటానికి నాన్న ఒక ఏటికొప్పాక లక్క బొమ్మను పెట్టుకున్నాడు. ఎర్ర తల, పసుపు బొజ్జ. దాన్ని చూడని పిల్లని నేను చూడలేదు.

స్టూడియో వెనకాల చెక్కలతో అడ్డం కట్టిన చీకటి గది. దాని గడియ ఊడిపోయి ఎన్నాళ్ళయిందో, రేపు బిగిస్తానంటూనే ఉండేవాడు. గడియకు బదులు ఒక కట్టుబాటు ఉండేది. తలుపు మీది మేకుకు ఎర్ర గుడ్డ వేలాడుతుంటే లోపల ఫిలిం కడుగుతున్నట్టు. ఇల్లు అంటుకున్నా సరే, బయటి నుంచి అరవాలి తప్ప తలుపు ముట్టుకోకూడదు. ఆ ఒక్క మాటా మాకు ఊహ తెలిసిన దగ్గర నుంచీ చెప్పాడు. దేనికీ కసరని మనిషి, దీనికి మాత్రం వేలు చూపించి చెప్పేవాడు.

ఆ గదిలో నాకు నచ్చింది హైపో డబ్బా. హైపో అంటే ఫిలిం మీది బొమ్మను నిలబెట్టే ఉప్పు. అచ్చం కలకండలా పలుకులు పలుకులుగా ఉండేది. నీళ్ళలో వేసి కలిపితే ఆ నీళ్ళు చల్లబడిపోతాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు నాన్న హైపో కలుపుతుంటే ఆ తొట్టికి చెంప ఆనించి కూర్చునేదాన్ని. ఫ్రిజ్జు అంటే ఏమిటో తెలియని ఇల్లు మాది, నా పాలిటికి అదే ఫ్రిజ్జు.

మా నాయనమ్మ ఆ స్టూడియోలో కాలు పెట్టేది కాదు. గొలుగొండ రోడ్డు మీది పల్లెలో పుట్టి, అక్కడే మెట్ట చేలో జొన్నా చోడీ పండించుకుని, మోకాళ్ళు మొరాయించాక మా ఇంటికి వచ్చింది. వచ్చినా ఆ అరెకరం వదల్లేదు. పొద్దున్న బస్సెక్కి వెళ్ళి చేను చూసుకుని మధ్యాహ్నానికి తిరిగి వచ్చేది. నోరు మహా గట్టిది, మనసు అంతకంటే మెత్తన, కాని ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వకూడదని ఆవిడ పట్టుదల. ఊరందరి మొహాలూ తీస్తావు, కన్నతల్లి ఫోటో ఒక్కటి లేదేమిటయ్యా అని నాన్నను అందరూ అడిగేవాళ్ళు. ఆవిడ ఒప్పుకోనిదే ఏం చేస్తాడు? "నా మొగం దేవుడికి గురుతే, సాలు" అనేసేది. నాన్న నవ్వి ఊరుకునేవాడు కాని, ఆ కోరిక ఆయనకు ఎంత లోతున ఉండేదో నాకు తెలుసు. స్టూడియో ముందు గోడ మీద అద్దాల ఫ్రేముల మధ్య ఒక ఫ్రేము పట్టేంత చోటు ఎప్పుడూ ఖాళీగా వదిలేసేవాడు. ఎంతమంది గిరాకీలు తమ ఫోటో అక్కడ పెట్టమన్నా పెట్టలేదు.

నేను ఇంటర్ బైపీసీలో చేరాక ఇంట్లో నా వాగుడు భరించలేకపోయారు. కోతల పండగ ముందు వారం నాయనమ్మ ఇంట్లోకి కొన్న అరటి గెలను కుండలో పెట్టి పొగ వేస్తుంటే పక్కన నిలబడి, నాయనమ్మా, పండించేది పొగ కాదు, ఆ పొగలోని ఇథిలీన్, అరటికాయ కూడా లోపల మిథియోనిన్ నుంచి అదే చేసుకుంటుంది అని పాఠం అందుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూసింది.

"నీ పేరేదో నువ్వెట్టుకో. పొగెట్టేది నాను, దగ్గేది నాను. కాలేజీలో పొగ రాదేటి?"

అమ్మ వంటింట్లో నుంచి ఫక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఆ వారమే మా బోటనీ లెక్చరరుగారు జొన్నలో విషం ఎలా పుడుతుందో చెప్పి పరీక్ష పెట్టారు. నా జవాబు క్లాసందరికీ చదివి వినిపించారు. టైరోసిన్ దగ్గర మొదలెట్టి సైనైడు దాకా ఒక్క బాణం గుర్తు తప్పకుండా రాశానన్నారు. ఇంట్లో నా విలువ తెలిసినవాళ్ళు లేరే అని రెండు రోజులు ముభావంగా తిరిగాను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న మాట నా కోసమే పుట్టిందని ఆ ఆదివారం దాకా తెలియలేదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నాయనమ్మ జొన్నచేను మోకాలెత్తున ఎండి నిలిచిపోయింది. పశువుకైనా పనికొస్తుందని కోయించేసింది. తరవాత తుఫాను వాన ఒకటి పడి, ఆ మోళ్ళ నుంచి నవనవలాడే పిలకలు లేచాయి. మా సంఘంలో కోతల పండగ అంటే చేలో పండింది గుడికి, అంటే చర్చికి, తెచ్చి ప్రభువు బల్ల చుట్టూ పేర్చడం. వడ్లు, చెరుకు గడలు, గుమ్మడికాయలు, కోళ్ళు, జీడిమామిడి పిక్కలు, ఎవరికి ఉన్నది వాళ్ళు తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. నాయనమ్మకు తేవడానికి గింజ లేదు. ఏటా వట్టి చేతులతో వెళ్ళని మనిషి. తెల్లవారకుండా చేనికి వెళ్ళి, ఆ పచ్చటి పిలకలనే మోపు కోయించి బస్సు మీద వేయించుకుని వచ్చింది. పంట లేకపోతే పచ్చదనమైనా పెడదాం, గుడికి అందంగా ఉంటుంది అంది. నిజంగానే అందంగా ఉంది. బల్లకు రెండు వైపులా ఆ ఆకులు కట్టేసరికి ఆ కరువు ఏట అది ఒక్కటే చేనులా కనబడింది.

కట్టేటప్పుడే నాతో చెప్పింది. పండగయ్యాక దీన్ని గుడి వెనక గోతిలో పారెయ్యి, పశువుల దరికి పోనివ్వకు, నాము ఉంటుంది అంది. నేను తలూపాను. విన్నాను కాని, ఆ చెప్పే మనిషి పొగే పండిస్తుందనుకునే మనిషి కదా అనుకున్నాను. దేవుడి సాక్షిగా చెప్తున్నాను, ఆ వారమే అయిదు మార్కుల ప్రశ్నకు నేను రాసిన జవాబూ ఈ మోపూ ఒకటేనని నాకు తట్టలేదు. పుస్తకంలోని ఆవు పుస్తకంలోని జొన్న తిని పుస్తకంలోనే చచ్చిపోయింది నాకు.

ఆరాధన అయ్యేసరికి మిట్టమధ్యాహ్నం. ఆ రోజు నాయనమ్మకు ఏమనిపించిందో ఏమో. సంఘపు ఆడవాళ్ళు ఆవిడ పచ్చటి ఆకులను మెచ్చుకున్నారు, పాస్టరుగారు ప్రార్థనలో ఆవిడ ఇచ్చిన కానుకను తలుచుకున్నారు. గుడి మెట్లు దిగుతూ నాన్నతో, "పదరా, ఆ బొమ్మేదో తీసీ. ఒక్కసారే. మళ్ళీ అడక్కు" అంది. నాన్న చేతిలోని బైబిలు నాకు ఇచ్చేసి ముందు నడిచాడు. అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. తెల్లచీర, ఒళ్ళో రెండు చేతులు, ఆ చేతుల్లో గుడి నుంచి తెచ్చుకున్న గుప్పెడు జొన్న పిలకలు. స్టూలు మీద నిటారుగా కూర్చుంది. నవ్వమంటే దేనికి అంది. నాన్న రెండు సార్లు తీశాడు. పండగ ఫోటోల రీలులో చివర మిగిలినవి ఆ రెండే. అవి కడగడానికి ఆయన అన్నం కూడా తినకుండా చీకటి గదిలోకి వెళ్ళాడు. నాయనమ్మ ఇంటికి వెళ్ళింది. నేను గుడికి వెళ్ళాను, అలంకారం విప్పడానికి.

గుడి వెనక గోయి దగ్గర మోపు పట్టుకుని నిలబడ్డాను. ఇంత పచ్చటి మేత పారెయ్యడమా? ఊళ్ళో పశువులు ఎండు చొప్ప కోసం కొట్టుకుంటున్నాయి. మా ఇంటి వెనక వీధిలో మాకు పాలు పోసే ఆవిడ ఉండేది, పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మొగుడు పోయిన మనిషి, పిల్లల్లేరు, ఉన్నది ఒక్క ఆవు. ఆ ఆవు తొలిచూలు ఈని ఇరవై రోజులైంది. మేత లేక పాలు దూడకే చాలడం లేదని ముందు రోజే అమ్మతో చెప్పుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను పెద్ద పుణ్యకార్యం చేస్తున్నాననుకుని మోపు నెత్తిన పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

పెద్దమ్మ మోపు చూసింది. ఒక పిలక లాగి విరిచి వాసన చూసింది. ఎక్కడిది పాపా అంది. గుడిలో దేవుడి దగ్గర పెట్టింది, పండగ అయిపోయింది, మీ ఆవుకు తెచ్చాను అన్నాను. ఆవిడ మోపును రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. తరవాత ఆవు ముందు వేసింది. ఆకలి మీద ఉన్న ఆవు తల ఎత్తకుండా మేసింది. దాని మెడ నిమురుతూ నేను చూస్తూ నిలబడ్డాను.

అయిదు నిమిషాలు పట్టిందో పది పట్టిందో. ఆవు మేత ఆపేసింది. నోటి నుంచి చొంగ కారడం మొదలైంది. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి లాగసాగింది. ముందుకాళ్ళు వణికి, మోకాళ్ళ మీద కూలబడి, పక్కకు ఒరిగిపోయింది. గుంజకు కట్టిన దూడ తాడు లాగుతూ అరిచింది. పెద్దమ్మ అరవలేదు. ఆవు తల ఒళ్ళో పెట్టుకుని, "పాపా, కాంపౌండరు బాబుని బేగి తే" అంది.

పశువుల ఆస్పత్రి డాక్టరుగారు ఆదివారం ఊళ్ళో ఉండరు. కాంపౌండరు ఇల్లు మాత్రం రెండు సందుల అవతలే. అన్నం ముందు నుంచి లేచి పెట్టె పట్టుకుని వచ్చాడు. ఆవు చిగుళ్ళు పైకెత్తి చూశాడు, రక్తంలా ఎర్రగా ఉన్నాయి. మిగిలిన మేత చూశాడు. నాము అన్నాడు. ఆ మాట వినగానే నా కళ్ళ ముందు బోర్డు మీది బాణం గుర్తులన్నీ వరసగా వచ్చాయి, ఆఖరి బాణం దగ్గర ఈ ఆవు పడుకుని ఉంది. ఆయన పెట్టెలో ఉన్న ఒకే ఒక్క ఇంజెక్షను మెడ నరానికి ఇచ్చాడు. ఇది విషాన్ని కాసేపు పట్టి ఉంచుతుంది కాని విరిచెయ్యదు, రెండో మందు ఆస్పత్రిలో అయిపోయింది అని పెద్దమ్మతో చెప్పి, చటుక్కున నా వైపు తిరిగాడు.

"మీ నాన్నగారి స్టూడియోలో హైపో ఉంటాది కదమ్మా? ఫోటోలు కడిగే ఉప్పు. అదే ఈ మందు. ఎంతుంటే అంత తే."

పరిగెత్తాను. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలియదు. స్టూడియోలో దూరి చీకటి గది దగ్గరకు వచ్చాను. మేకుకు ఎర్ర గుడ్డ ఉంది. చూడలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. చూశాను. బయటి నుంచి అరిస్తే నాన్న రెండు నిమిషాలు ఆగమంటాడు, ఆ రెండు నిమిషాలు ఆవుకు లేవు అనుకున్నాను. అది కూడా తరవాత కల్పించుకున్న సాకేమో. నిజానికి ఏమీ అనుకోలేదు. తలుపు తోసేశాను.

నా వెనక నుంచి మధ్యాహ్నపు వెలుతురు లోపలికి పడింది. ఫిలింను రెండు చివరలా పట్టుకుని మందు తొట్టిలో ఆడిస్తున్న నాన్న ఒక్కసారి దాన్ని మడిచి గుండెకు పొదువుకుని గోడ వైపు తిరిగిపోయాడు. మందునీళ్ళు చొక్కా మీద కారిపోయాయి. నేను తలుపు మళ్ళీ వెయ్యాలి కదా, అదీ చెయ్యలేదు. ఆవు చచ్చిపోతోంది, హైపో కావాలి అని మాత్రం అన్నాను. నాన్న వెనక్కి తిరిగాడు. ఫిలిం వైపు ఒక్కసారి చూశాడు. మడత విప్పకుండానే దాన్ని నీళ్ళ తొట్టిలో వేసి మూత పెట్టి, హైపో డబ్బా చంకన పెట్టుకుని నాకంటే ముందు వీధిలోకి ఉరికాడు. ఆయన కాళ్ళకూ చెప్పులు లేవు.

కాంపౌండరు దోసిళ్ళతో కొలిచి బకెట్టులో కలిపాడు. నేను చెయ్యి పెట్టి తిప్పాను, నీళ్ళు ఎప్పటిలా చల్లబడ్డాయి. వెదురు గొట్టంతో కొంచెం కొంచెం ఆవు నోట్లో పోశారు. నాన్న దాని దవడ పట్టుకున్నాడు. అప్పటికి నాయనమ్మ కూడా వచ్చేసింది. దూడ పక్కన కూర్చుని నన్ను తిట్టడం మొదలెట్టింది. సెప్పేనా నేదా, సెప్పేనా నేదా అని అదే మాట. నాకు ఏడుపు కూడా రాలేదు. పెద్దమ్మే అడ్డం వచ్చింది.

"గుంటనేటీ అనకండి అప్పా. నాము అని నాకు తెల్దేటి? ఇరిసి సూసేను గదా. దేవుడి కాడెట్టింది ఏటీ సెయ్యదనుకున్నాను."

ఆ పిలకలు గుడికి తెచ్చింది నాయనమ్మే కదా. కొంగు నెత్తిన కప్పుకుని, దూడ మీద చెయ్యి వేసి, పెదవులు కదుపుతూ కూర్చుండిపోయింది. అక్కడ ఉన్న ముగ్గురు ఆడవాళ్ళమూ ఎవరి తప్పును వాళ్ళు పట్టుకుని ఆవు డొక్క వైపు చూస్తున్నాం. ఊపిరికి డొక్క లేస్తుంది, పడుతుంది. మరో గంటకు ఆ లేవడం పడటం నెమ్మదించింది. చెవి కదిలింది. దీపాలు పెట్టే వేళకు ముందుకాళ్ళు కూడదీసుకుని, రెండు సార్లు తూలి, నిలబడింది. పెద్దమ్మ అప్పుడు ఏడ్చింది. కాంపౌండరు చేతులు కడుక్కుని, రెండు రోజులు పాలు పారబొయ్యమని చెప్పి, చల్లారిన అన్నం తినడానికి ఇంటికి వెళ్ళిపోయాడు.

దారిలో నాన్నను అడిగాను, ఫిలిం పోయిందా అని. పండగ ఫోటోలే కదమ్మా, పండగ మళ్ళీ రాదా అన్నాడు. ఆ రీలులో ఇంకేం ఉందో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. రాత్రి అన్నాల దగ్గర నాయనమ్మ అడిగింది, "నా మొగం ఎలగొచ్చిందిరా?" అని. బాగా వచ్చిందమ్మా అన్నాడు. నాన్న అబద్ధం ఆడగా వినడం అదే మొదలు. నేను కంచంలో తల పెట్టి పప్పన్నం కలుపుతూనే ఉన్నాను.

ఆ తరవాత ఆయన అవస్థ చూడాలి. కొన్నాళ్ళు పెద్దది చేయిస్తున్నానన్నాడు, కొన్నాళ్ళు విశాఖపట్నం పంపానన్నాడు. మెల్లగా, ఇంకో ఫోటో తీస్తానమ్మా, కుర్చీలో కూర్చుని అన్నాడు. ఒకటి బాగా వచ్చిందన్నావు కదరా, రెండోది దండగ అంది ఆవిడ. ఆడిన అబద్ధం ఆయన కాళ్ళకే చుట్టుకుంది. క్రిస్మస్‌కు అడిగాడు, ఈస్టరుకు అడిగాడు. కదల్లేదు. నేను నోరు విప్పితే చాలు, నాయనమ్మా, నేనే పాడు చేశాను, మళ్ళీ కూర్చో అంటే చాలు. రోజూ పొద్దున్నే చెప్పేద్దామనుకునేదాన్ని. సాయంత్రం దాకా ధైర్యం నిలిచేది కాదు. సైనైడు ఫార్ములా మాత్రం నిద్రలో లేపినా చెప్పగలను.

ఆ వేసవిలో నాయనమ్మకు జ్వరం వచ్చింది. మూడు రోజుల్లో వెళ్ళిపోయింది. పెట్టె మూసే ముందు ఒక ఫోటో తియ్యమని చుట్టాలు నాన్నతో అన్నారు, ఊళ్ళో అందరికీ అలా తీసేది ఆయనే. కళ్ళు మూసుకున్న మొహం నాకొద్దు అన్నాడు.

ఆదరణ కూడిక రోజున మా ఇళ్ళల్లో పోయినవాళ్ళ ఫోటోకు దండ వేసి కుర్చీలో పెడతారు. మా కుర్చీలో నాయనమ్మ బైబిలూ కళ్ళజోడూ పెట్టాం. ఫోటోగ్రాఫరు తల్లికి ఫోటో లేదట అని వెనక వరసలో ఎవరో గుసగుసలాడారు. కూర్చోలేక పెరట్లోకి వచ్చేశాను. అప్పుడే పెద్దమ్మ టీలకు పాల బిందె పట్టుకుని దొడ్డి గుమ్మంలో నుంచి వస్తోంది. ఆ ఆవు పాలే. ఆవిడను చూడగానే ఆర్నెల్లుగా అదిమిపెట్టింది బయటకు వచ్చేసింది. నాయనమ్మ ఫోటో నా వల్లే పోయింది, తలుపు నేనే తీశాను, ఆవిడతో చెప్పనైనా చెప్పలేదు అని ఏడ్చేశాను. పెద్దమ్మ బిందె దింపి నా మొహంలోకి చూసింది.

"మీ నాయినమ్మకి ఆ రోజే తెలుసు పాపా. మీ నాన్న సొక్కా నిండా మందునీళ్ళతో పరిగెట్టుకొచ్చేడు గదా, సూసింది. ఆవు లెగిసేక నాతో అంది. నా బొమ్మ పోయినట్టుంది, గుంటతో అనకు. నాను మళ్ళీ కూకున్నానంటే మొదటిది పోయిందని ఒప్పుకున్నట్టే, గుంట బతికున్నన్నాళ్ళూ మర్సిపోదు. కూకోను అంది."

దొడ్డి గట్టు మీద కూర్చుండిపోయాను. ఒకే ఇంట్లో, ఒకే చాప మీద అన్నం తింటూ, ముగ్గురం ఒకే సంగతిని ఎవరికి వాళ్ళం దాచుకుని తిరిగామన్నమాట. ఆవిడ మళ్ళీ ఫోటోకు ఒప్పుకోనిది నా కోసమే.

చుట్టాలంతా వెళ్ళాక నాన్నకు చెప్పాను, నాయనమ్మకు తెలుసట అని. ఆయన లేచి చొక్కా వేసుకుని నన్ను స్టూడియోకు తీసుకెళ్ళాడు. సొరుగులో నుంచి కాగితం పొట్లం తీశాడు. లోపల ఆ ఫిలిం ముక్క. డబ్బా అడుగున మిగిలిన పలుకులతో ఆ రాత్రే దాన్ని నిలబెట్టి ఉంచాడట. కిటికీకి ఎత్తి పట్టుకుంటే అంతా నల్లగా ఉంది. ఒక్కచోట మాత్రం, ఆయన గుండెకు అదిమిపెట్టుకున్న చోట, వెలుతురు చేరలేదు. అక్కడ రెండు చేతులు, ఆ చేతుల్లో జొన్న ఆకులు.

దాన్ని ఆయన ఆ వారమే పెద్దది చేశాడు. గోడ మీద ఖాళీగా వదిలిన ఫ్రేము చోటులో పెట్టాడు. మొహం లేని ఫోటో. ఎనభైల్లో నేను ఉద్యోగంలో చేరి, సెలవులకు బస్సు దిగి స్టూడియోలోకి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒక గిరాకీ దాని ముందు నిలబడి, ఇదేం ఫోటో బాబూ, చేతులు మాత్రం తీశారు అని అడుగుతుండేవాడు. నాన్న కెమెరా సర్దుకుంటూ తల ఎత్తకుండానే చెప్పేవాడు.

"మా అమ్మండి."